లోపలున్నది ఎవరు?

మంగళవారం ఉదయం టీచరమ్మ ఎనిమిదింటికల్లా జంతుప్రదర్శనశాలకు చేరుకుంది. నిజానికి ఆమె టీచరు కాదు. సందర్శనకొచ్చే పిల్లలకు జంతువుల సంగతులు చెప్పే ఉద్యోగం కాబట్టి అందరూ అలా పిలుస్తారు. పదింటికి బస్సు నిండా బడిపిల్లలు వస్తున్నారు. వాళ్ళ కోసం మూడు నెలలు పుస్తకాలు తిరగేసి ఐదు బోర్డులు రాయించింది. వాటిమీద జంతువు పేరుండదు. దాని వింత అలవాటు ఒకటి, దాని కింద "చెప్పుకోండి చూద్దాం, లోపలున్నది ఎవరు?" అన్న ప్రశ్న. అంతే.

నేరుగా బోనుల దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక్క బోర్డూ లేదు. వడ్రంగికి ఫోన్ చేసింది.

"నిన్ననే బిగించేశాను మేడమ్. ఒకటో నంబరుకి ఒకటి, రెండుకి రెండు. తలుపులకి అతికినట్టు సరిపోయాయి."

"బోనులకి తలుపుల మీద చోటెక్కడుందయ్యా?"

"బోనులకి కాదండీ, ఆఫీసు గదులకి. నంబర్లు అక్కడేగా కనిపిస్తున్నాయి."

బోనుల మీది నంబర్లు వానకు చెరిగిపోయాయని ఆమె మూడుసార్లు ఆఫీసుకు రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. తిట్టుకుంటూ ఆఫీసు వైపు నడిచేసరికి స్టోర్‌కీపరు ఎదురొచ్చాడు.

"దొరికిన తిండంతా బుగ్గల్లో కుక్కుకుని తర్వాత తీరిగ్గా నములుతానా నేను?"

"అది కోతి గురించండీ."

"అంటే నేను కోతినా?"

వెనకే టైపిస్టు వచ్చింది. "నా నాలుక మూరెడు పొడవని ఎవరు కొలిచారండీ?" అది జిరాఫీ బోర్డు. సూపర్‌వైజరైతే తన తలుపు వైపు వేలు చూపించాడు. అక్కడ నీటిగుర్రం సంగతి ఉంది: "ఇది తోక ఊపుతూ పేడను నలుదిక్కులా చిమ్ముతుంది. దూరంగా నిలబడండి."

టీచరమ్మకు ఒళ్ళు మండింది. చేసిన పనికి ఒక్కడూ బాగుందనలేదు సరికదా, పొద్దున్నే పంచాయితీ. బోర్డులు ఊడబీకుదామంటే వడ్రంగి స్క్రూల కింద జిగురు కూడా పూశాడు. అందరూ కలిసి లాగితే సూపర్‌వైజరు తలుపు గడియ ఊడొచ్చింది. బోర్డు కదల్లేదు.

అంతలో బస్సు రానే వచ్చింది. పిల్లలకు బోర్డులెక్కడ కనిపిస్తే అదే ప్రదర్శన. వరండాలో బారులు తీరి, చదివి, కిటికీల్లోంచి తొంగిచూడసాగారు. స్టోర్‌కీపరు అప్పుడే టిఫిన్ నోట్లో పెట్టుకున్నాడు. "బుగ్గలు చూడరా" అంది ఒక పిల్ల. అతనికి పొలమారింది.

నాలుగో నంబరు తలుపు మేడమెట్ల మొదట్లో ఉంది, డైరెక్టరుగారి గదికి దారి అదే. ఆయన పైఅంతస్తులోనే కూర్చుని, అరుదుగా కిందికొస్తారు. ఆ తలుపు మీద, కొమ్మలకు వేలాడే బద్ధకపు జంతువు స్లాత్ సంగతి ఉంది: "ఇది చెట్టు మీంచి సుమారు వారానికి ఒక్కసారే దిగుతుంది. అదీ దొడ్డికెళ్ళడానికి." గోల విని ఆయన మెట్లు దిగారు.

"దిగింది, దిగింది," అన్నారు పిల్లలు.

ఆయన బోర్డు చదివారు. చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరి పని ఇది? ఇవాళ్టితో పిల్లల కార్యక్రమం రద్దు."

మూడు నెలల కష్టం కళ్ళముందే నీళ్ళపాలవుతుంటే టీచరమ్మ ఊరుకోలేకపోయింది. "నోరులేని జంతువుల గురించి రాస్తే, తమ గురించే అనుకుని ఉలిక్కిపడ్డం ఏంటి సార్? బుద్ధున్నవాళ్ళు చదివి నవ్వుకుంటారు. ఇందులో ఒక్క అబద్ధముంటే చూపించండి."

స్టోర్‌కీపరు గొంతు సవరించుకున్నాడు. "నాది తీసెయ్యండి సార్. మిగతావి ఉండనివ్వొచ్చు. సూపర్‌వైజరుగారిదైతే చాలా కరెక్టు." టైపిస్టు కూడా తనది తప్ప అన్నీ బాగున్నాయంది. సూపర్‌వైజరుకు టైపిస్టు బోర్డు నచ్చింది. డైరెక్టరుగారు మళ్ళీ ఒకసారి వరండా అంతా నడిచి ఒక్కో బోర్డూ చదివారు. రెండుచోట్ల ఆయన మీసం కదిలింది.

"సరే, కార్యక్రమం కానివ్వండి," అన్నారు. "నాది మాత్రం సాయంత్రంలోగా రంపం పెట్టయినా తీయించండి."

గెలిచానన్న పొగరుతో టీచరమ్మ పిల్లల్ని పిలవబోయింది. వాళ్ళు అప్పటికే చివరి గది ముందు గుమిగూడి ఉన్నారు. అది ఆమెదే. పొద్దున్నుంచీ తాళం తీసే తీరికే చిక్కలేదు.

"ఇది పొద్దున్నే మొదలుపెడుతుంది," అని ఒక పిల్లవాడు కూడబలుక్కుని చదువుతున్నాడు. "దీని కేక ఐదు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. చెప్పుకోండి చూద్దాం, లోపలున్నది ఎవరు?"

కేకల కోతి గురించి ఆ వాక్యాలు రాసింది ఆమే.

"నా గదికి ఇది పెట్టమని ఎవడు చెప్పాడు?" అంది టీచరమ్మ.

అవతల మెయిన్ గేటు దగ్గర టికెట్లు చింపుతున్న మనిషి తల తిప్పి చూశాడు.