కార్పొరేటర్ దాకా పోయిన టైటిల్

“టైటిల్ లీకేజీ ఉందటండీ,” అన్నాడు మేనేజర్ త్రినాథరావు, ఫోను చెవి నుంచి తీయకుండానే. వంటింట్లో మిక్సీలో కొబ్బరి పచ్చడి తిరుగుతోంది. అవతలివాడి వెనక ఏదో లారీ ఆపకుండా హారన్ కొడుతోంది. మాట ఆ రెంటి మధ్య నలిగి వచ్చింది. మాట్లాడేవాడి పేరైతే మిక్సీలోనే పడిపోయింది.

నిర్మాత కాశీవిశ్వనాథం చేతిలోని ఇడ్లీ మళ్ళీ ప్లేటులోకి దూకింది.

ఆ ఉదయం ఆయన ప్లాను చాలా మామూలుది. జూబ్లీహిల్స్‌లో తన ఇంటి ముందే పది గంటలకు కొత్త సినిమా ముహూర్తం. గేర్లు వాటంతటవే మారే పాతకాలం అమెరికా కారులోంచి హీరో దిగడం మొదటి షాటు. ఆ గేర్లు ఈ మధ్య మారడానికి మొరాయిస్తున్నాయని కారును షేక్‌పేట మెకానిక్ ఓదెలుకు అప్పగించారు. అది 1988. అప్పటికి కాశీవిశ్వనాథం తీసినవి మూడు సినిమాలు. మూడూ క్లాపుతో మొదలై ఫ్లాపుతో ముగిశాయి. నాలుగోదానికి పెద్ద హీరో దొరికాడు, ఒక్క షరతు మీద. టైటిల్ మొదట తన నోటి నుంచే రావాలి. ముందే బయటికొస్తే డేట్లు వాపసు. అందుకే అది ముగ్గురికే తెలుసు: హీరోకి, నిర్మాతకి, దర్శకుడు అచ్యుతరామయ్యకి.

“ఎక్కడ లీకైందట?”

“కార్పొరేటర్ దగ్గర మొదలైందటండీ. అక్కణ్ణుంచి బాక్సు దాకా పోతోందట.”

“బాక్సాఫీసు దాకానా?”

“మరీ పొడుగైందట, రెండు మాటలు తగ్గిస్తే సరిపోతుందంటున్నాడు. పదింటికల్లా తెచ్చి అందరి ముందూ పెడతాడట.”

లైను తెగిపోయింది. కాశీవిశ్వనాథం లెక్క వేసుకున్నాడు. టైటిల్ పొడుగని కూడా తెలిసిందంటే వాడికి మొత్తం తెలిసినట్టే.

ఆయన శాలువా, దండా పట్టుకుని నేరుగా కార్పొరేటర్ ఇంటికి వెళ్ళాడు. ఆ విషయం మీ దగ్గరే ఉంచండి, నా బతుకు మీ నోట్లో ఉంది అని వేడుకున్నాడు. ఏ విషయమని కార్పొరేటర్ అడగలేదు. దాచుకోవలసిన విషయాలు ఆయనకూ ఉన్నాయి. పాలిపోయిన మొహంతో శాలువా కప్పించుకుని, ‘మీరు చెప్పకపోతే నేనూ చెప్పను’ అని ఒట్టు పెట్టాడు. దాంతో కాశీవిశ్వనాథానికి అనుమానం కాస్తా రూఢి అయింది. నిర్మాతను ఒంటరిగా వదిలిపెట్టడం మంచిది కాదని కార్పొరేటర్ ఆయన వెంటే ముహూర్తానికి వచ్చి వేదిక ఎక్కాడు.

ఇక మిగిలిన ప్రశ్న, చెప్పిందెవరు? తను చెప్పలేదు. హీరోని అనలేడు. మిగిలింది అచ్యుతరామయ్య. పదికి పది నిమిషాల ముందు, కెమెరాకు బొట్టు పెడుతున్న దర్శకుణ్ణి రెక్క పట్టుకుని మైకు దగ్గరికి లాక్కొచ్చాడు. ఆవేశంలో ఆయన ఆన్ అయి ఉన్నాడు గనక, మైకు కూడా ఆన్‌లో ఉన్న సంగతి గమనించలేదు. టైటిల్ ఎవరికి చెప్పావని నిలదీశాడు.

“ఏ టైటిలండీ?” అన్నాడు అచ్యుతరామయ్య అమాయకంగా.

“ఏ టైటిలా? ‘అత్తా, నీ మొగుడు నాకేమవుతాడు?’”

ఈ ప్రశ్న నాలుగు లౌడ్‌స్పీకర్లలోంచి ఫిల్మ్‌నగర్ దాకా వెళ్ళింది. ముందు వరుసలో హారతి పళ్ళెంతో కూర్చున్న కాశీవిశ్వనాథం అత్తగారు నాగేశ్వరి తలెత్తింది.

“మామగారవుతారు నాయనా,” అంది. “పోయి పదకొండేళ్ళయింది. ఇప్పుడెందుకొచ్చిందీ అనుమానం?”

అప్పుడే కారు తెచ్చి నిలిపిన ఓదెలు చేతులు తుడుచుకుంటూ దిగాడు. పొద్దున వచ్చిన ఫోను సంగతి త్రినాథరావు అందరికీ అప్పజెప్పాడు. ఓదెలు తల గోక్కున్నాడు.

“గా ఫోన్ జేసింది నేనే సార్. టైటిల్ గాదు, థ్రాటిల్. లీకేజీ గాదు, లింకేజీ. కార్బొరేటర్ కాడికెల్లి గేర్‌బాక్స్ దాకా ఒక కడ్డీ ఉంటది. ఆక్సిలేటర్ మీరెంత తొక్కిండ్రో గేర్‌బాక్స్‌కు అదే చెప్తది. కడ్డీ జర పొడుగైంది, గందుకే గేరు లేటుగ పడుతుండె. రెండు మరలు తిప్పి తగ్గించిన. మాటలు గాదు సార్, మరలు.”

వేదిక మీద కార్పొరేటర్ అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు. కడ్డీ గేర్‌బాక్సుకు చెప్పుకునే మాటకు హడలిపోయి, టైటిల్‌ను నిర్మాతే ఊరందరికీ చెప్పేశాడని పందిరిలో కుర్చీలకు కూడా అర్థమైంది. అన్ని తలలూ హీరో వైపు తిరిగాయి. మొదటి షాటు కోసం కారు దగ్గరికి వచ్చిన ఆయన బానెట్ మీద వాలిపోయి ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని కాశీవిశ్వనాథం రెండడుగులు వేశాడు. నవ్వుతున్నాడు.

“టైటిల్‌కి జవాబు కూడా దొరికిందండీ,” అన్నాడు హీరో కళ్ళు తుడుచుకుంటూ. “డేట్లు ఎక్కడికీ పోవు. కానీ అత్త వేషం ఈవిడే వేయాలి.”

నాగేశ్వరి పళ్ళెం కింద పెట్టి, మంగళ, శనివారాలు తనకు ఉపవాసమనీ, మిగతా రోజులు చూసి చెబుతాననీ అంది.

సినిమా మొదలై రెండు నెలలైంది. హీరో డేట్లు భద్రంగా ఉన్నాయి. అత్తగారి డేట్లే, అల్లుడి కోటాలో కూడా దొరకడం లేదు.