పన్నడా, పడ్డడా?

“ముందుగాలనే అంటున్న కొడుకా, నన్ను మల్ల ఆ దవాఖానకు తోలకు,” అన్నాడు చంద్రయ్య. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన మాట నెమ్మదిగా, ముద్దగా వస్తోంది.

మహిపాల్ హెల్మెట్ చేత పట్టుకుని గడపలో ఆగాడు. “పడకుండ జూస్కో నాయినా. ఒక్కపారి పడ్డవంటే ఇంట్ల వైద్యం బందన్నరు. మల్ల ఆ మంచమే,” అని చెప్పి, చర్లపల్లిలో తన ఫ్యాక్టరీకి బయలుదేరాడు.

ఆ మంచం మాట వింటేనే చంద్రయ్యకు ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ పక్క మంచం మనిషి సాయంత్రం దాకా ముచ్చట్లు చెప్పాడు. తెల్లారేసరికి దుప్పటి అతని ముఖం మీదికి వచ్చింది. నాచారంలో ఈ రెండు గదుల ఇల్లు, భార్య మల్లవ్వ తిట్లు, ఇవి చాలు చంద్రయ్యకు. అందుకే ఇంట్లోనే వైద్యం సాగేందుకు ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ట్యాబ్, స్టూలు మీద నుంచి ఏది చెబితే అది చేస్తాడు. వేళ్లు ముడవమంటే ముడుస్తాడు. కాలు లేపమంటే వణుకుతూనైనా లేపుతాడు.

ఆ ఉదయం ట్యాబ్‌లోని ఆడగొంతు కసరత్తుకు ముందు కొత్త ప్రశ్న వేసింది. “నిన్నటి నుంచి మీరు పడ్డారా?”

చంద్రయ్యకు అది ‘పన్నారా’ అని వినబడింది. ఆయన పుట్టి పెరిగిన జనగామ వైపు పన్నడు అంటే పడుకున్నాడని. యంత్రానికి కూడా తన నిద్ర మీద ఇంత దయ ఉన్నందుకు ముచ్చటపడి, “ఆ, పన్న,” అన్నాడు.

“ఎక్కడ?”

“కింద. సాప మీద.”

“ఆ తర్వాత మళ్లీ పడ్డారా?”

“తిన్నంక మల్ల జర పన్న.”

యంత్రం ఆ ‘పన్న’ను ‘పడ్డ’ అని రాసుకుంది. తెర ఎర్రగా మారింది.

ఉప్పల్‌లో కూర్చుని ఇలాంటి రోగుల కసరత్తులు చూసే ఫిజియోథెరపిస్టు ఉదయశ్రీది కాకినాడ. ఆమె గాభరాగా ఇంటికి ఫోన్ చేసి, చంద్రయ్యగారు పడ్డారట కదా అని అడిగింది. ఫోన్ ఎత్తిన మల్లవ్వకూ అది ‘పన్నారట’ అనే వినబడి, అందులో వింతేముందో తెలియలేదు.

“ఆ, పన్నడు తల్లీ. రోజు పంటడు. దుప్పటి కప్పి, తలుపు దగ్గరేసి నా పని నేన్ జేస్కుంట.”

రోజూ పడతాడని విన్న ఉదయశ్రీ వెంటనే అంబులెన్సును పంపి, మహిపాల్‌కు కబురు చేసింది.

సైరన్ సందులోకి తిరిగినప్పుడు, ఎవరికో పాపం అనుకుంది మల్లవ్వ. అది తమ మెట్ల కిందే ఆగింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ మోసుకుంటూ పైకి వచ్చి, చంద్రయ్య ఇల్లు ఇదేనా అని అడిగారు. మల్లవ్వ గొళ్లెం పెట్టేసింది.

“ఎందుకొచ్చిన్రే?” అన్నాడు చంద్రయ్య గుసగుసగా.

“నీ లోపట ఏందో కనబడ్డదేమో ఆ డబ్బకు.”

లోపలి నుంచి పలుకు లేకపోయేసరికి బయటివాళ్లకు అనుమానం బలపడింది. తలుపు పగలగొడతామని ఇంటి ఓనరుతో అంటున్నారు. పడుకుని కనబడితే ఎత్తుకుపోతారని చంద్రయ్య గోడ పట్టుకుని లేచాడు. కాళ్లు వణికాయి. చెమట కళ్లలోకి కారింది.

“పడకు,” అంది మల్లవ్వ, ఏడుపు ఆపుకుంటూ. “నీ కాల్మొక్త, పడకు.”

అప్పుడే మహిపాల్ వచ్చాడు. తండ్రి లోపల పడి ఉన్నాడనుకుని మెట్లు రెండేసి ఎక్కుతూ, తలుపు ముందు దించిన స్ట్రెచర్‌ను చూసుకోలేదు. కాలు తట్టుకుని దాని మీదే బోర్లా పడ్డాడు. కొడుకు కేక విని మల్లవ్వ తలుపు తీసింది.

గోడ పట్టుకుని నిలబడ్డ తండ్రి, స్ట్రెచర్ మీద కొడుకు ఒకరినొకరు చూసుకున్నారు.

“నువ్వు పడ్డవన్నరు,” అన్నాడు మహిపాల్.

“పన్న,” అన్నాడు చంద్రయ్య. “పడలే.”

అప్పుడే ట్యాబ్‌లో వీడియో కాల్ కలిపి చూస్తున్న ఉదయశ్రీకి ఆ రెండు మాటల తేడా అప్పటికి తెలిసింది. పొరపాటు తమదేనని, చంద్రయ్య బాగానే నిలబడుతున్నాడని, ఇంట్లోనే ఉండవచ్చని అక్కడికక్కడే రాసి పంపింది. అంబులెన్సువాళ్లు వచ్చిన బండి ఉత్తగా తిప్పడమెందుకని, మడమ వాచిన మహిపాల్‌ను ఎక్కించుకుపోయారు.

సైరన్ దూరమయ్యాక చంద్రయ్య తెర వైపు వంగాడు.

“నేను ఇంట్లనే ఉండొచ్చని రాసినవ్ గద బిడ్డా, గది మా మహిపాల్‌కు సదివి ఇనిపియ్యి. వాడు గిప్పుడు దవాఖాన్ల ఖాళీగనే ఉంటడు.”