అద్దానిదే తప్పు!

"తన కారు తాను బాగుచేసుకోలేనివాడికి స్టీరింగు పట్టుకునే అర్హత లేదు!"

ఈ మహత్తర సత్యాన్ని సూపరింటెండెంటుగారు కొత్త డైరెక్టరుగారి గదిలోకి పిలవని పేరంటంగా వెళ్లి మరీ సెలవిచ్చారు. ఆఫీసు వాహనాల విభాగంలో ఇన్‌చార్జి కుర్చీ ఖాళీగా ఉంది మరి! ఆ కుర్చీ కోసం ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. ఇన్నేళ్లలో ఆయన తన కారు బానెట్ ఎత్తిన పాపాన పోలేదు; అది వేరే సంగతి.

డైరెక్టరుగారు తెగ మురిసిపోయారు. "భేష్! నేనూ అంతేనండీ. నా కారు మీద మెకానిక్ చెయ్యి పడనివ్వను. రేపు హెడ్డాఫీసుకి మీ కారులోనే వెళ్దాం. మీ పనితనం చూసినట్టూ ఉంటుంది."

సూపరింటెండెంటుగారికి తన కారు పరిస్థితి గుర్తొచ్చింది. వైపర్లు వేస్తే కీచుమని ఏడుపు. అద్దం కడిగే నీళ్ల కోసం మీట నొక్కితే చుక్క రాదు. బయట చూస్తే విడవకుండా ముసురు!

సాయంత్రం వాన కాస్త తెరిపి ఇవ్వగానే, అపార్ట్‌మెంటు వాళ్లందరికీ కనబడేలా కారును గేటు దగ్గర నిలిపి, చొక్కా చేతులు పైకి మడిచి రంగంలోకి దిగారు. నీళ్లు చిమ్మే సన్నటి రంధ్రాల్లో మట్టి పేరుకుపోయింది. భార్యను అడిగి పిన్నీసు తీసుకుని కెలికి, మీట నొక్కారు. ధార అద్దాన్నీ, కారునూ దాటి, వెనకాల నిలబడిన వాచ్‌మన్ మొహం కడిగింది.

"చూశావా ఫోర్సు!" అన్నారు గర్వంగా.

"అద్దం మీద పడాలేమోనండీ," అంది భార్య.

పిన్నీసుతోనే రంధ్రాల మొహం కిందికి తిప్పారు. ధార బుద్ధిగా అద్దం మీద పడింది. తర్వాత కొత్త వైపర్ బ్లేడ్లు బిగించారు.

"ఏవండీ, ఆ రబ్బరు మీద ప్లాస్టిక్ తొడుగుంది. తియ్యరా?"

"నీకేం తెలుసే! కవరు తీసిన వస్తువు నాలుగు రోజులుంటుందా?"

నిజమే. వాళ్లింట్లో సోఫా, టీవీ రిమోటు, ఫ్రిజ్ తలుపు అన్నీ కొన్ననాటి కవర్లలోనే క్షేమంగా ఉన్నాయి. సోఫాలోంచి ఎవరైనా లేస్తే కవరు కూడా లేచి సాగనంపుతుంది.

మర్నాడు సగం దారిలో వాన దంచేసింది. వైపర్లు హుందాగా అటూ ఇటూ ఊగాయే తప్ప నీళ్లను మర్యాదకైనా ముట్టుకోలేదు. పక్కనుంచి లారీ బురద చిమ్మింది. మీట నొక్కితే నీళ్లు పడి, అద్దం శుభ్రంగా అలికినట్టయింది! ఇక దారి కనబడక కారు పక్కకి ఆపారు. కుర్చీ గోవిందా అనుకుంటూ దిగి చూశారు. ఒక తొడుగు కొస ఊడి వేలాడుతోంది. అక్కడ రబ్బరు తాకినంత మేరా అద్దం తళతళలాడుతోంది. సూపరింటెండెంటుగారికి కళ్లు తెరుచుకున్నాయి. పాపం, ఒప్పేసుకుందామని నోరు కూడా తెరిచారు.

ఇంతలో డైరెక్టరుగారు కిటికీలోంచి తల బయటపెట్టారు. "ఆగండాగండి, ఆ తొడుగు ఊడనివ్వకండి! భేషైన పద్ధతి. నేనూ తియ్యలేదు. తప్పంతా అద్దానిదేనండీ. నా కారుదీ అచ్చం ఇదే జబ్బు. ముందేమీ కనబడక చస్తున్నాననేగా మీ కారెక్కింది!"

తెరిచిన నోటిని ఏం చెయ్యాలో సూపరింటెండెంటుగారు ఒక్క క్షణం ఆలోచించారు.

"ముమ్మాటికీ అద్దానిదే సార్!" అని, తొడుగును భక్తితో మళ్లీ బిగించారు.

కుర్చీ దక్కింది. మొదటి ఉత్తర్వు వెలువడింది: ఆఫీసు వాహనాలన్నిటికీ ముందు అద్దాలు మార్చవలెను, వైపర్ల తొడుగులు తీసినవారిపై కఠిన చర్య తీసుకోబడును. డ్రైవర్లు వానలో తలలు బయటపెట్టి బళ్లు నడుపుతున్నారు.

ఉత్తర్వు మీద సంతకం పెట్టిన సాయంత్రమే, ఎవరూ చూడకుండా, ఆయన తన కారు తొడుగులు రెండూ పీకి జేబులో వేసుకున్నారు.

ఇప్పుడు వాన పడితే చాలు, డైరెక్టరుగారు ఆ కారే ఎక్కుతారు.

"ఆహా, ఏం అద్దమండీ! ఎక్కడ వేయించారు?"

"ఎక్కడా కాదు సార్. ఇంటి దగ్గరే, స్వయంగా!"