మూడో జట్టులోంచి మాయమైన సోములు

“ఈ భూమ్మీద నేరం సేసినోడు రెండు జతల కళ్లు కప్పలేడు. ఒకటి ఆ దేవుడివి, రెండోది ఈ జగన్నాధానివి. దేవుడికి నానా పనులుంటాయి గాబట్టి, కేసు నాకొగ్గెయ్!”

బొబ్బిలిలో కామేష్ జెరాక్స్ షాపు గుమ్మంలో నిలబడి మేనమామ ఈ మాట అనేసరికి అతనికి ఏడుపొక్కటే తక్కువైంది. టైము పదకొండున్నర. ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసిన జగన్నాధం, టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టేసేవాణ్ణని చెప్పుకుంటాడు. పట్టినవాళ్లలో సగంమంది దగ్గర పాసులుండేవన్న సంగతి మాత్రం చెప్పడు. రిటైరయ్యాక చేతిలో టికెట్ మిషను పోయి భూతద్దం వచ్చింది, అంతే.

“ఎవుడ్రా మాయమైనోడు?”

“సోములు, మావా.”

“మీ అయ్య పోయి ఏడాదైనాది గదరా!”

“అయ్య కాదు. ఆట్లో సోములు. పంతొమ్మిదేళ్ల గుంటడు. బంతులిసురుతాడు.”

కామేష్ కంప్యూటర్లో బేస్‌బాల్ ఆడతాడు. ఆడతాడంటే బంతి ముట్టుకోడు, జట్లను నడుపుతాడు. పైన ఒక పెద్ద జట్టు, దాని కింద కుర్రాళ్లకి మూడు మైనర్ లీగ్ జట్లు. ఎవణ్ణి కింద ఉంచాలి, ఎవణ్ణి మెట్టు ఎక్కించాలి, ఎవణ్ణి సాగనంపాలి అన్నదే ఆటంతా. అట్టడుగు జట్టులో బంతులు విసిరే ఒక బక్క పిచ్చర్‌కి కామేష్ వాళ్ల నాన్న పేరు పెట్టుకున్నాడు. నలభై ఏళ్లు పనస దుంగలు తొలిచి వీణలు చేసి, ఒక్క సన్మానమైనా ఎరగకుండా పోయిన మనిషి ఆయన. ఈ సోముల్నైనా ఎప్పటికైనా పెద్ద జట్టులో చూడాలని కామేష్ ఆశ. తీరా పొద్దున్న చూస్తే మూడు మైనర్ జట్లలోనూ లేడు. వదిలేసిన ఆటగాళ్ల జాబితాలోనూ లేడు. అంటే తనలాగే జట్లు నడిపే వేరే ఓనరెవడో ఎగరేసుకుపోయాడన్నమాట. పన్నెండింటికి జాబితాలకి తాళం పడుతుంది. ఆ తర్వాత ఏడ్చినా లాభం లేదు.

“ఎవుడి మీదైనా అనుమానముందా?”

“పాతపట్నం గిరిబాబు. ఆడూ ఒక ఓనరే. ఎప్పట్నుంచో అడుగుతన్నాడు.”

“ఒడిశా బోర్డర్!” జగన్నాధం కళ్లు మెరిశాయి. “అంతర్రాష్ట్ర కిడ్నాప్ ముఠా!”

“మావా, ఆడు మనిషి కాదు...”

“మనిషి కాదని నమ్మించడమేరా ఆళ్ల ప్లాను!” అని అప్పటికప్పుడే కామేష్ ఫోన్ లాక్కుని గిరిబాబుకి కొట్టాడు. “గుంటణ్ణి ఎక్కడ దాసినావ్? పేనాలతో ఉన్నాడా?”

“ఎవులండీ? నాను ఎరువుల కొట్లో ఉన్నాను.”

“ఎరువులు! శవాన్ని మాయం సెయ్యడానికా?”

“ఓహో, సోములు గురించా? నాకాడ లేడు. దొరికితే నాకిమ్మనండి, ఇద్దరు బ్యాటర్లనిస్తాను.”

ఇంతలో కామేష్ తల్లి నారాయణమ్మ టీ గ్లాసులతో వచ్చింది. కొడుకు భోజనానికి వెళ్లినప్పుడు షాపు చూసేది ఆవిడే. “ఒరే కామేసూ, నాను సెప్పీది ఇను...”

“అప్పా! ఇన్వెస్టిగేషన్ నడస్తన్నాది. నానడిగినదానికే జవాబు. నిన్న మజ్జానం కంప్యూటర్ ముందు ఎవులున్నారు?”

“నానే.”

“అందులో ఆకర్న ఎవుణ్ణి సూసినావ్? పేరు సెప్పు.”

నారాయణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఆ పేరు నాను సెప్పకూడదు గదరా.”

“ఎవులు బెదిరించినారు?”

“బెదిరించడమేటి! పెళ్లైన కాడ్నించి ఎప్పుడైనా సెప్పినానా?”

రేషన్ షాపులో కూడా ఆవిడ మొగుడి పేరు మీద వేలుపెట్టి చూపించేదే గాని నోటితో అనేది కాదు. సొంత తమ్ముడికి తెలియని సంగతి కాదు గాని, జగన్నాధం నోట్‌బుక్కులో ‘నలభై ఏళ్ల కుట్ర’ అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

తర్వాత వేలిముద్రల కోసం కీబోర్డు మీద అరడబ్బా టాల్కం పౌడరు గుమ్మరించాడు. అది ఆయన ముక్కులోకే పోయింది. షాపు అదిరేలా తుమ్మి, మోచేత్తో మౌసు మీద పడ్డాడు. స్క్రీను మీద పెద్ద జట్టు జాబితా తెరుచుకుంది. కామేష్ పౌడరు తుడుస్తూ చూశాడు. చిట్టచివరి పేరు సోములు. టైము పన్నెండుకి మూడు నిమిషాలు.

“ఎవులు మార్చినారు?” కామేష్ అరిచాడు.

“నానే. నీ పక్కన కూకుని రోజూ సూస్తన్నాను గదా. బాణం గుర్తు మూడుసార్లు నొక్కినాను.”

“అమ్మా! ఆడికింకా ఆట రాదే. ఇప్పుడు దించితే సితక్కొట్టేస్తారు. ఇంకో రెండేళ్లు కిందే ఉండాల.”

“ఇంకెన్నాళ్లురా?” అంది నారాయణమ్మ. “ఉన్నన్నాళ్లూ సన్మానానికి రేపు పిలుస్తారు, మాపు పిలుస్తారని కూకున్నారు మీ అయ్య. నీ సేతిలో పడ్డా కిందేనా?”

కామేష్ చెయ్యి మౌసు మీదే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే సోములు కిందికి వెళ్లిపోతాడు. నొక్కలేకపోయాడు. పన్నెండయింది, తాళం పడింది.

సాయంత్రం మ్యాచ్‌కి నారాయణమ్మ ఉతికిన చీర కట్టుకుని కుర్చీ వేసుకుంది. మొదటి విడతలోనే సోములు ఏడు పరుగులిచ్చుకున్నాడు, బేస్‌బాల్లో అది చావుదెబ్బే. కోచ్ బయటికి లాగేశాడు. గిరిబాబు ఫోన్లో పడీపడీ నవ్వాడు. “ఆడినారు గదా,” అంది నారాయణమ్మ తృప్తిగా.

ఈలోగా ‘కిడ్నాప్ ముఠా చెర నుంచి యువకుణ్ణి విడిపించిన జగన్నాధం’ అని ఒక వార్త వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొచ్చింది. రాసింది ఆయనే. ఎవణ్ణి, ఏ ముఠా అని ఒక్కరూ అడగలేదు. వారం తిరక్కుండా రిటైర్డ్ కండక్టర్ల సంఘం వాళ్లు దండవేసి శాలువా కప్పారు.

ఆ శాలువాతోనే ఊరేగుతూ షాపుకి వచ్చాడు. “మొదట్నించీ నాకు తెలుసురా అల్లుడూ, గుంటడు ఇంట్లోనే ఉన్నాడని.”

నారాయణమ్మ లేచి, తమ్ముడి భుజాల మీది శాలువా తీసి, కంప్యూటర్‌కి కప్పి అంచులు సర్దింది.

“అప్పా! అది నాకేసినారు!”

“మేచ్ ఆడింది నువ్వేట్రా?”

జగన్నాధం నోట్‌బుక్ తీశాడు. ‘నలభై ఏళ్ల కుట్ర’ అన్నది కొట్టేసి మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.