జనగామలో ఏరియల్ ఎత్తిన రోజు

ఆ శనివారం పొద్దున కస్తూరి అనుకున్నది చాలా చిన్న పని. పది గంటలకల్లా కొత్త టీవీ బిగించుకోవాలి, సాయంత్రం ఆరున్నరకు చెల్లెలు మనోరమ హైదరాబాద్ టీవీ స్టేషన్లో పాడే పాట చూడాలి. పాట అయిదు నిమిషాలు. తప్పిపోతే మళ్ళీ వేయరు. తండ్రి వీరయ్య మానుకోట నుంచి ముందురోజే దిగాడు. పాట చూడ రమ్మని వాడకట్టునంతా కస్తూరే నోరారా పిలిచింది.

తమ కిరాణా కొట్టులో కొత్త త్రాసుకు చేసినట్టే టీవీకీ పసుపు రాయబోయింది. అద్దం ఖరాబవుతుందని భర్త సోమేశ్వర్ అడ్డుపడ్డాడు. సరే, అని వెనకవైపు ధారాళంగా రాసి బొట్టు పెట్టింది. ఆ మహానుభావుడు మేడమీద పైపు నిలబెట్టి, ఏరియల్ కట్టి, వైరు తెచ్చి టీవీ వెనక గుచ్చాడు. స్విచ్ వేస్తే తెర నిండా చుక్కలే.

ఎత్తు చాలలేదన్నాడు. పైపుకు వెదురు బొంగు కట్టారు. ఎదురింటి దర్జీ యాకయ్య వచ్చి దిక్కు తప్పిందన్నాడు. హైదరాబాద్ బస్సు స్టాండులోంచి ఎటు మళ్లుతుందో అటే తిప్పించాడు. తీరా ఆ బస్సు అటు మళ్లేది డీజిలు కోసమట. అది తేలేసరికి మధ్యాహ్నం దాటింది. రెండో బొంగు కట్టగానే మొత్తం ఒరిగి పక్కింటి రాజీ దండెం మీద పడింది, ఉతికిన బట్టలన్నీ మురుగు మోరీ పాలయ్యాయి. కొట్లాటకు వచ్చిన రాజీ, టీవీని చూసి ముందు వరుసలో కూర్చుంది. మగవాళ్ళు ఏరియల్ మళ్ళీ ఎత్తారు. మళ్ళీ చుక్కలే.

ఆరుంబావుకు ఇల్లు నిండిపోయింది. వీరయ్య కండువాతో మాటిమాటికీ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. "బిడ్డా, చెల్లె కనవడ్తదా?" అని మెల్లగా అడిగాడు. కస్తూరికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన ముందు ఏడవలేక టీవీ వెనక్కి పోయి, ఊరికే వైరు ఊడబీకింది. వైరు గుచ్చే సందులో పసుపు ఎండి పెచ్చుకట్టి ఉంది. గబగబా పిన్నీసుతో గీకి, వైరు మళ్ళీ గుచ్చింది.

సరిగ్గా అప్పుడే పైన సోమేశ్వర్ విసిగిపోయి పైపును రెండు చేతులా వాటేసుకున్నాడు. "వచ్చింది సోమన్నా, అట్లనే పట్టుకో" అని మెట్ల మీంచి యాకయ్య కేకేశాడు.

మనోరమ తెర నిండా నిలబడి పాడింది. వీరయ్య పాట సాంతం చేతులు జోడించుకునే ఉన్నాడు. కస్తూరి కడుపు నిండింది.

పాట తర్వాత పంటల కార్యక్రమం కూడా అయ్యాక, ఉన్నది చెప్పేద్దామని కస్తూరి మజ్జిగ గ్లాసుతో మేడెక్కింది. సోమేశ్వర్ ఇంకా పైపు వదల్లేదు.

"నా చెయ్యి పడితెనే బొమ్మ వస్తున్నది కస్తూరీ. గదేందో గని," అన్నాడు. చెమటలు కారుతున్నా ముఖం వెలిగిపోతోంది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన్ను అంత సంతోషంగా ఆమె చూడలేదు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, గ్లాసును ఆయన పెదవులకు అందించింది.

"చేతులు తియ్యకున్రి, గట్లనే తాగున్రి," అంది.

మర్నాడు ఆదివారం సినిమాకు ఆయన మేడమీద పైపు పక్కనే కుర్చీ వేయించుకున్నాడు.