రోజుకు మూడుసార్లు, సారికి నాలుగు నిమిషాలు

ఉద్యోగి పేగులు ఆఫీసు వేళలకు కట్టుబడి పనిచేయడమే నాగరికతకు పునాది. ఈ సత్యాన్ని మొదట గుర్తించిన ఘనత, ఫోన్లలో జనం ఫిర్యాదులు వినే ఒక ఆఫీసులోని విరామాల అధికారికి దక్కుతుంది. ఆయన మరుగుదొడ్డి తలుపుకు కార్డు చూపిస్తేనే తెరుచుకునే తాళం పెట్టించారు. రోజుకు మూడుసార్లు, సారికి నాలుగు నిమిషాలు. నాలుగోసారి కార్డు చూపిస్తే తలుపు తెరుచుకోదు, "మీ సహకారానికి ధన్యవాదాలు" అంటుంది. (గొంతు మాత్రం చాలా మర్యాదగా ఉంటుంది.)

ఆ ఆఫీసులో కవలలు ఇద్దరు పనిచేస్తున్నారు. అన్న ఎనిమిది నిమిషాలు పెద్ద. తమ్ముడికి పేగు వాపు జబ్బు. జన్యువులు రాసిచ్చిన ఆజ్ఞల్ని ప్రోటీన్లు అమలు చేయాలి. తమ్ముడి కడుపులో ఆ ఆజ్ఞలు ఎక్కడో బెడిసి, కాపలా కాయాల్సిన ప్రోటీన్లు కంచే చేను మేసినట్టు సొంత పేగు మీదే పడ్డాయి. రోజుకు ఐదుసార్లు పరుగు తప్పదు. ఫోన్లో ఎవరో కరెంటు పోయిందని తిడుతుంటే, చెమటలు కక్కుతూ, బిగబట్టుకుని "క్షమించండి" అనడం ఎంత నరకమో అతనికే తెలుసు. ఒకరోజు కుర్చీలోనే పరువు పోయినంత పనైంది. మర్నాడే డాక్టరమ్మ ఉత్తరం జతచేసి, అదనపు అనుమతికి అర్జీ పెట్టుకున్నాడు.

అధికారి ఆ ఉత్తరంలో "జన్యువులు" అన్న మాట కింద గీత గీశారు.

"మీ అన్నదమ్ములిద్దరి జన్యువులూ ఒకటేనా?"

"ఒకటేనండీ."

"ఆయన రెండుసార్లతో సరిపెట్టుకుంటున్నారు. మరి మీకేమొచ్చింది?"

"జబ్బు రావడానికి జన్యువులు మాత్రమే చాలవటండీ. మా లాంటి కవలల్లో కూడా ఒకరికొచ్చి ఇంకొకరికి రాకపోవచ్చని డాక్టరమ్మే..."

"అంటే మీ జన్యువులే మిమ్మల్ని సమర్థించట్లేదన్నమాట," అన్నారు అధికారి జాలిగా. 'అదే నమూనాలోని మరో ప్రతి సక్రమంగా పనిచేస్తున్నందున' అర్జీ తిరస్కరించారు.

అన్నకు ఒళ్లు మండింది. "ఒరేయ్, నా కార్డు నువ్వుంచుకో. నా పని ఇంటిదగ్గరే కానిచ్చుకొస్తా."

తమ్ముడు ముందు అన్న కార్డు అరగదీసి, ఆ తర్వాతే తనది బయటికి తీసేవాడు. నెల రోజులు ప్రాణం కాస్త తెరిపిన పడింది.

నెలాఖరున అధికారి రికార్డులు చూశారు. అన్న కార్డు మీద రోజూ మూడుసార్లూ అయిపోతున్నాయి, తమ్ముడిది రెండు దాటలేదు. జబ్బు తమ్ముణ్ని వదిలి అన్నను పట్టుకుందని తేల్చారు. (జన్యువులు ఒకటే కాబట్టి బదిలీకి సాంకేతిక అభ్యంతరాలు లేవు.) మానవతా దృక్పథంతో అన్నకు ఎన్నిసార్లయినా వెళ్లే అనుమతి మంజూరు చేశారు, కార్డు వెనక్కి తీసుకుని, ఇకపై బొటనవేలి ముద్రతో. కవలలకైనా వేలిముద్రలు కలవవని ఆయన ఎక్కడో చదివారు.

"నాకే రోగమూ లేదు సార్, జబ్బు వాడిది!" మొత్తుకున్నాడు అన్న.

"మొదట్లో అందరూ అలాగే అంటారు," అని అధికారి ఓదార్చారు.

తమ్ముడికి 'రోగంపై విజయం' ప్రశంసాపత్రం ఇచ్చారు. రెండుసార్లే చాలుతున్నందున మూడోసారి రద్దు చేశారు. సన్మాన సభలో మనోబలం గురించి అతను మాట్లాడాలట. ఆ రోజు వాటా రెండూ పొద్దున్నే అయిపోయాయి. వేదిక ఎక్కుతుండగానే కడుపులో మెలి మొదలైంది.

ప్రసంగానికి అరగంట కేటాయించారు. మధ్యలో దిగడానికి వీల్లేదు.