స్టేషనుకు దారి

మానవజాతి కనిపెట్టిన ప్రశ్నలన్నింటిలోకీ ఉదాత్తమైనది "అయ్యా, స్టేషనుకు దారి ఎటు?" అన్న ప్రశ్న. తక్కినవి అడిగేవాడి తెలివిని చాటుకోవడానికి పుట్టాయి. ఇదొక్కటే ఎదుటివాడి తెలివిని నమ్మి పుట్టింది. విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి బోధించే ఆచార్యులవారి దృఢాభిప్రాయం ఇది.

ఆ అభిప్రాయానికి ఆధారం ఒక టేపు. శ్రవణ పరీక్షలో ఏటా వినిపించే ఆ టేపులో ఎవరో స్త్రీ "మెస్యూ" అని మర్యాదగా పిలిచి, ఫ్రెంచిలో స్టేషనుకు దారి అడుగుతుంది. జవాబు రాసుకోవడానికి వీలుగా ఆ వెంటనే కొంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పిల్లలు పెన్నులు కొరుకుతారు. ఆచార్యులవారు మనసులో జవాబు చెబుతారు. ఆయన ఫ్రాన్సు మొహం చూడలేదు. ఫ్రెంచి ఇంటిభాషగా మాట్లాడే మనిషి ఏనాడూ ఆయన ఎదుట నిలబడలేదు. మార్కుల ఆశ లేకుండా ఆయన్ని ఫ్రెంచిలో ఒక మాట అడిగిన ప్రాణి లోకంలో ఆ గొంతు ఒక్కటే. పిల్లలు ఆయనకు "మెస్యూ" అని పేరు పెట్టినప్పుడు పైకి చిరాకుపడి, లోపల మురిసిపోయారు.

పరీక్ష రోజు ఉదయం ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుండగా అక్కగారు గుమ్మంలో నిలబడింది.

"పరీక్ష పిల్లలకేనా, నీక్కూడానా?"

"టేపు వినిపించాలక్కా."

"టేపుకి ముక్కుంటుందేమిట్రా, సెంటు కూడా కొట్టావు?"

శ్రవణ పరీక్ష జరిగే భాషా ప్రయోగశాలలో హెడ్‌ఫోన్ల తీగెలన్నింటినీ ఎలుకలు రాత్రికి రాత్రే ఆరగించి ఉన్నాయి. అటెండరు తల గోక్కున్నాడు. "పెద్ద మైకుసెట్టుకి తగిలించేస్తానండీ. గదంతా వినిపిస్తుంది." ఆ సెట్టు మేడమీది హారన్లకు కూడా కలిపి ఉందన్న సంగతి అతనికి తట్టలేదు. తలుపులు బిగించి ఉండడంతో లోపలివారికీ తెలియలేదు.

ఆవరణ నలుమూలలా ఒక స్త్రీ కంఠం దీనంగా మోగింది. నియమం ప్రకారం ప్రశ్నను మూడుసార్లు వినిపించాలి. మూడోసారికి రిజిస్ట్రారుగారు వరండాలోకి వచ్చారు.

"ఎవరయ్యా ఆవిడ? ఏమంటోంది?"

నిరుడు సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే బోల్తాపడిన విద్యార్థి ఒకడు, ఈసారి తడుముకోకుండా చెప్పాడు. "స్టేషనుకి దారి అడుగుతోంది సార్. పాపం, ఎవరూ చెప్పట్లేదు."

"ఇంతమంది డాక్టరేట్లం ఉండి, ఒక ఆడమనిషికి దారి చెప్పలేమా? పరువు పోదూ!"

పరువు అన్న మాట చెవిన పడ్డాక విశ్వవిద్యాలయం ఊరుకోదు. వాచ్‌మన్ సైకిలెక్కాడు. రసాయనశాస్త్రం వారు కారు తీశారు. తోటమాలి పారుతున్న గొట్టం పారుతున్నట్టే వదిలేసి పరుగందుకున్నాడు. స్టేషను అడిగినావిడ ఎప్పటికైనా స్టేషనుకే చేరాలన్న తర్కంతో అందరూ అక్కడికే వెళ్ళారు. బెంచీ మీద నిజంగానే ఒక విదేశీ స్త్రీ కూర్చుని ఉంది. ఆమె చుట్టూ వలయం కట్టి, "భయపడకండమ్మా, మేమున్నాం" అని తెలుగులో ధైర్యం చెప్పారు. ఆమె భయపడడం అప్పుడే మొదలైంది.

ఫోను అందుకున్న రిజిస్ట్రారుగారు పరీక్షగదిలోకి దూసుకువచ్చారు. "లేవండి ప్రొఫెసరు గారూ! ఆవిడ దొరికింది."

"ఎవరండీ?"

"ఇంకెవరు? ఇందాకట్నుంచీ దారి అడుగుతున్నావిడ!"

"అది టేపండీ."

"టేపో గీపో నాకు తెలీదు. స్టేషన్లో కూర్చుని ఫ్రెంచి మాట్లాడుతోందట. మీరు రండి!"

టేపులకు స్టేషన్లో కూర్చునే అలవాటు లేదని ఆచార్యులవారికి తెలుసు. తెలిసీ, దువ్వెన కోసం జేబు తడుముకున్నారు.

ఆ గొంతు రికార్డయి ఎన్నో ఏళ్ళయింది కనుక ఆమెకూ ఈపాటికి తల నెరిసి ఉంటుందని ఆయన దారిపొడుగునా లెక్క వేసుకున్నారు. బెంచీ మీది ఆవిడకు తల నెరిసే ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన పెద్దావిడ. పెద్దపెద్ద పువ్వుల గౌను, ఒళ్ళో సంచి. ఫ్రెంచి పారిస్ ఒక్కదాని సొత్తు కాదనీ, ఆఫ్రికాలోనూ ఎందరికో అది ఇంటిభాషేననీ ఆయన ఏటా మొదటి పాఠంలో చెబుతారు. ఆ మొదటి పాఠం ఇప్పుడు ఆయన్ని చూసి లేచి నిలబడింది. ఆయన నోట "మదామ్" అన్న ఒక్క మాట వెలువడగానే ఆమె గుక్క తిప్పుకోకుండా అందుకుంది. ఎక్కడా ఆగదు, జవాబుకు జాగా లేదు.

"ఏమంటోందండీ?" అన్నాడు స్టేషన్ మాస్టరు.

"ఫ్రెంచి!" అన్నారు ఆచార్యులవారు కళ్ళు చెమర్చి.

"అది తెలుస్తూనే ఉంది బాబూ. ఏమంటోంది?"

చివరికి ఆమె వేలెత్తి చూపింది. ఆమె ఎక్కవలసిన బండి, ఈ రక్షకులను తోసుకుని ఎక్కలేకపోయిన బండి, సిగ్నలు దాటి పోతోంది. మళ్ళీ బండి మర్నాడే.

ఆమె నిట్టూర్చింది. అంతమందిలోనూ ఆయన ముఖమే కాస్త నమ్మదగినదిగా తోచింది కాబోలు, పసిపిల్లవాడితో మాట్లాడినట్టు ఒక్కొక్క మాటే విడమరిచి, "మెస్యూ, బస్టాండుకు దారి ఎటు?" అని ఫ్రెంచిలో అడిగింది. అడిగి, ఆగింది.

ఆచార్యులవారు జవాబు చెప్పారు. ఏళ్ళ తరబడి లోలోపల సానపట్టిన జవాబు, మచ్చలేని ఉచ్చారణతో, వణుకు లేకుండా వచ్చింది. తిన్నగా వెళ్ళి ఎడమవైపు తిరగండి, మదామ్. ఆమె ముఖం విప్పారింది. ఆయన చెయ్యి రెండు చేతులా నొక్కి, సంచి భుజాన వేసుకుని, తిన్నగా వెళ్ళి, ఎడమవైపు తిరిగింది. ఆ పువ్వుల గౌను కనుమరుగైన మలుపు వంక ఆయన చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

బస్టాండు కుడివైపున ఉంది.